ఫోటోల్లో లేని వంక

ఫిబ్రవరి 10, 2025

బలసముద్రం పని ముగిసింది. పొద్దున ఏడింటికి డ్రోన్ లేపి పదకొండున్నరకు దించాను. సోలార్ పార్కు కోసం కొత్తగా అడుగుతున్న భూమిని కంపెనీ ఎనిమిది బ్లాకులుగా విడగొట్టింది. ఎనిమిదీ పూర్తి అని రిపోర్టులో రాశాను.

సొంత ఊరిని పైనుంచి చూడడం ఇదే మొదటిసారి. మా పొలం కనబడలేదు. ఏడేళ్లుగా అది ప్యానెళ్ల కిందే ఉంది, కనబడదని తెలుసు. అయినా వెతికాను.

పోయిన ఏడాది వరకు ఒక్కో ఊరికి వెయ్యి ఫోటోలు తీసేదాన్ని. పావగడ ఆఫీసులో ఒక్కో ఊరి కోసం ఒక్కో న్యూరల్ నెట్‌వర్క్‌కు మొదటి నుంచి నేర్పించేవాళ్లు. ఫోటోల నుంచి ఊరిని గట్లతో, గుంతలతో సహా కంప్యూటర్‌లో నిలబెట్టడానికి మూడు రోజులు పట్టేది. ఇప్పుడు అన్ని ఊళ్లకూ ఒకటే నెట్‌వర్క్. ఇప్పటికే నలభై ఊళ్లను చూసి నేర్చుకుంది కాబట్టి కొత్త ఊరికి అరవై ఫోటోలు చాలు. అరగంటలో మోడల్ వచ్చేస్తుంది.

ఊరికి తూర్పున ఉన్న ఏడో బ్లాకులో నాలుగు ఫోటోలు మసకగా ఉన్నాయి. తీసేశాను. యాభై ఆరు పంపాను.

ఫిబ్రవరి 12

యోగానంద సార్ నన్ను తన బల్ల దగ్గరికి పిలిచారు. ఆఫీసులో మోడళ్లు తయారుచేసేది ఆయనే. మధుగిరి మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద.

"తూర్పు పక్క ఫోటోలు ఇంకేమైనా మిగిలిండాయా నీ దగ్గర?"

"లేవు సార్. అన్నీ పంపినా."

"అన్నీనా?"

"అన్నీ సార్."

మాట మార్చడానికి నేనే అడిగాను, ఇంత తక్కువ ఫోటోలతో ఊరు ఎట్లా తయారవుతుందని. ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. ఇలాంటివి చెప్పడమంటే ఆయనకు ఇష్టం.

"వంద ఇండ్లు కట్టిన మేస్త్రీ ఉంటాడు. ముందు గోడ చూపిస్తే చాలు, వంటిల్లు యాడుంటుందో చెప్తాడు. ఇదీ అట్లే. నేల ఎట్లుంటుంది, గట్టు ఎట్లుంటుంది, చెట్టు నీడ ఎట్ల పడుతుంది, ఇవన్నీ ఊర్లన్నిటికీ ఉమ్మడి. ఒకసారి నేర్చుకుంటే సరిపాయ. ఒక్కో ఊరికి ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాల్సింది కొన్ని అంకెలే."

"మేస్త్రీ తప్పు చెప్పడా సార్?"

"చెప్తాడు. అందుకే అడుగుతాండా, ఫోటోలు ఉండాయా అని."

ఒకే మాట మూడుసార్లు. ఈయనకు తూర్పు పక్క మీద ఇంత ఆసక్తి ఎందుకో.

ఫిబ్రవరి 13

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తే అమ్మ లేదు. మహిళా సంఘం మీటింగ్‌కు పోయిందని పక్కింటావిడ చెప్పింది. మీటింగ్ బుధవారం కదా. ఈరోజు గురువారం.

అడగలేదు.

ఫిబ్రవరి 17

బలసముద్రం మోడల్ ఈరోజు చూడడానికి దొరికింది. ఏ ఇల్లు ఎవరిదో గుర్తుపట్టొచ్చు. బడి, నీళ్ల ట్యాంకు, రచ్చకట్ట, మా వీధి, అన్నీ ఉన్నాయి. మౌస్‌తో ఊరంతా తిరిగి తూర్పుకు పోయాను.

వంక లేదు.

ఎక్కడికి పోతుంది వంక? వాన నీళ్లు పారే వాగు అది, నిలువెత్తు లోతు ఉంటుంది. చిన్నప్పుడు అందులోకి దిగితే నాన్నకు నా తల కూడా కనబడేది కాదు. మోడల్‌లో ఆ చోట చదునైన ఎర్రనేల ఉంది. అక్కడక్కడా కంప చెట్లు. ఎవరో బుల్‌డోజర్ తెచ్చి పూడ్చేసినట్టుంది.

ఊరి గొర్రెల మందలన్నీ కుంటలో నీళ్లు తాగడానికి ఆ వంకలోంచే పోతాయి. అది పాత సర్వే నకాశెలో, అంటే పటంలో, దారిగా లేదు, వాడుకలోనే ఉంది. నకాశెలో లేని దారి మోడల్‌లో కనబడితే కంపెనీ కంచె మధ్యలో సందు వదలాలి. కనబడకపోతే కంచె నేరుగా పోతుంది. అప్పుడు ఈ ఎండల్లో జీవాలను పార్కు చుట్టూ ఐదు కిలోమీటర్లు నడిపించాలి.

వంక లేకపోతే ఎవరికి లాభం? ముందు అది తేలాలి.

ఫిబ్రవరి 18

దొరికింది.

పోయిన నెల చేసిన క్యాతగానచెర్లు మోడల్ తెరిచి పక్కన పెట్టి చూశాను. ఆ ఊరి ఉత్తరం అంచున ఉన్న బీడు, మా వంక చోట కనబడుతున్న నేల, రెండూ ఒకటే. అదే వాలు. అదే రంగు మట్టి. ఇంచుమించు అదే దూరంలో మూడు కంప చెట్లు. అక్కడి ముక్కను కోసుకొచ్చి ఇక్కడ అతికించారు.

ఇది చేతకావాలంటే మోడల్ లోపలికి పోవడం తెలిసుండాలి. అది మా ఆఫీసులో ఒక్కరికే తెలుసు.

మూడుసార్లు ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమైంది. వంక ఉన్న ఫోటోలు నా దగ్గర ఇంకేమీ లేవని ఖాయం చేసుకున్నారు.

ఫిబ్రవరి 19

తూర్పు వైపు కంచె కూసాలు నాటే పని మా అన్న భరత్‌కుమార్‌కు వచ్చిందట. అన్నం తింటూ తనే చెప్పాడు.

"నేరుగా కంచె ఐతే వారంలో అయిపోతుంది," అన్నాడు.

"నేరుగానే అని నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పేదేంది? మీ ఆఫీసు ప్లానే అట్లుండాది."

అమ్మ మజ్జిగ పోస్తూ ఆగింది. "ఏ పక్క కంచె?" అని అడిగింది. తూర్పు పక్క అన్నాడు అన్న. అమ్మ మజ్జిగ గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

అన్న స్నానానికి పోయినప్పుడు అతని ఫోన్ చూశాను. తప్పే. యోగానంద సార్ నంబరు ఉంది. నిన్న రాసిన మెసేజ్: "సరే సార్, రేపు బస్టాండ్ దగ్గర కలుస్తా."

నా సొంత అన్న.

ఫిబ్రవరి 20

పావగడ బస్టాండ్ ఎదురుగా టీ అంగడిలో ఇద్దరూ నిన్న కూర్చున్నారని లింగప్ప చెప్పాడు. ఆఫీసు జీపు నడిపేది అతనే. నేను మామూలుగా అడిగినట్టే అడిగాను. భరత్ తన ఫోన్‌లో ఏదో చూపిస్తుంటే సార్ కాగితం మీద రాసుకున్నారట.

ఈరోజు ఆఫీసులో సార్ నన్ను చూసి నవ్వారు. నేను నవ్వలేదు.

ఫిబ్రవరి 22

బెంగళూరు హెడ్డాఫీసుకు మెయిల్ పంపాను. ఏడో బ్లాకు మోడల్‌ను చేత్తో మార్చారని, క్యాతగానచెర్లు ముక్క అతికించారని, మోడల్ తయారుచేసిన మనిషి కంచె పని చేసేవాళ్లతో కలుస్తున్నాడని రాశాను. రెండు మోడళ్ల బొమ్మలు జతచేశాను. నా పేరు పెట్టలేదు. అన్న పేరు కూడా పెట్టలేదు.

భయపడి కాదు. పేరు పెడితే సొంత కోపం అనుకుంటారని.

ఫిబ్రవరి 24

ఆఫీసులో ఎవరూ మాట్లాడటం లేదు. నాకే అలా అనిపిస్తోందేమో.

ఫిబ్రవరి 27

యోగానంద సార్‌ను విచారణ పేరుతో బెంగళూరుకు పిలిపించారు. ఇక ఇక్కడికి రారట. తన సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకున్నారు. పెద్దగా ఏమీ లేదు, రెండు పుస్తకాలు, నీళ్ల బాటిల్, పిల్లల ఫోటో.

పోతూ నా బల్ల దగ్గర ఆగారు.

"ఏడో బ్లాకు మళ్లా ఎగరేయల్లని రాసి పెట్టినా. నేను లేకపోయినా ఆ పని జరిగేట్లు చూసుకో ధనశ్రీ."

తల ఊపాను. పోతూ పోతూ కూడా ఎంత మంచివాడిలా మాట్లాడాడు.

గెలిచినట్టు అనిపించాలి. 

మార్చి 3

సార్ స్థానంలో శశి వచ్చింది. బెంగళూరు అమ్మాయి, వాళ్లమ్మది హిందూపురం. నా వయసే. వచ్చీ రాగానే బలసముద్రం మోడల్ తెరిచింది, ఫిర్యాదు దాని మీదే కాబట్టి.

"చేత్తో మార్చిన గుర్తు ఎక్కడా లేదు," అంది. "ఎవరు తెరిచారో, ఏం చేశారో అంతా రికార్డ్ అవుతుంది. ఎవరూ ముట్టుకోలేదు."

"మరి క్యాతగానచెర్లు ముక్క?"

ఏదో మీట నొక్కింది. ఊరంతా ఆకుపచ్చగా మారింది. తూర్పున ఒక చోట మాత్రం బూడిద రంగు ఉండిపోయింది.

"పచ్చగా ఉన్నచోట ఫోటోలు ఉన్నాయి. బూడిద రంగు చోట ఒక్క ఫోటో కూడా లేదు. ఫోటో లేకపోయినా నెట్‌వర్క్ ఖాళీగా వదలదు. మిగతా ఊళ్లలో ఇలాంటి అంచున ఏముందో అదే తెచ్చి నింపుతుంది. క్యాతగానచెర్లు దగ్గర కదా, మట్టి కూడా అదే, అందుకే అలా వచ్చింది. అది వంకను దాచలేదు. ఇక్కడ వంక ఉందని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే."

నేను తెర వైపే చూస్తున్నాను.

"యోగానంద సార్ నోట్ కూడా ఉంది," అని చదివింది. "ఏడో బ్లాకు తూర్పు భాగానికి ఫోటోలు లేవు. అక్కడ లోతైన వంక, గొర్రెల దారి ఉన్నట్టు ఊరి మనిషి భరత్‌కుమార్ చెప్పి, తన ఫోన్‌లోని ఫోటో చూపించాడు. మళ్లీ ఎగరేసేవరకు ఈ మోడల్‌ను కంచె పనికి వాడకూడదు. తేదీ ఫిబ్రవరి ఇరవై."

"మరి ఎందుకు వాడినారు?"

"ఇరవై రెండున ఫిర్యాదు వచ్చింది కదా. ఆయన పెట్టిన అర్జీలన్నీ పక్కన పెట్టేశారు. మోడల్ మాత్రం అప్పటికే పంపేశారు." ఆగి అడిగింది. "నువ్వే కదా ఎగరేసింది? అక్కడ తీయలేదా?"

"తీసినా. మసకగా వచ్చినాయి."

అప్పుడు కూడా అదే మాట వచ్చింది నా నోట్లోంచి.

మార్చి 3, సాయంత్రం

ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా అబద్ధమే రాశాను.

ఆ నాలుగు ఫోటోలు మసకగా లేవు. ఆ రోజు తీసినవాటిలో అవే బాగా వచ్చాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి వంక గట్లు గీత గీసినట్టున్నాయి. వంకలో మంద. మంద వెనక, నాన్న వాడిన గళ్ల తువ్వాలును తలకు చుట్టుకుని, చేతిలో కట్టెతో అమ్మ.

పొలం పార్కుకు ఇచ్చినప్పుడే మా గొర్రెలను కూడా అమ్మేశాం. నాన్న ఆ తర్వాత ఏడాదికే పోయాడు. అమ్మ కొన్నాళ్లు హొన్నూరమ్మ మందతో పోయేది. హొన్నూరమ్మది మా ఊరి చివరి వీధి, నలభై జీవాలు, మొగుడు లేడు. అన్నకు కోపం వచ్చింది. "కౌలు వస్తాంది, కడుపు నిండా తింటాండాం. ఇంకొకరి జీవాలు కాసే గతి పట్టిందా అని ఊర్లో నగుతాండారు," అన్నాడు. నేనూ అన్న పక్కే మాట్లాడాను. అమ్మ మానేశానంది. అది మూడేళ్ల కిందటి మాట.

తెర మీద అమ్మను చూడగానే నాకు మొదట తోచింది ఒకటే. ఆఫీసులో దీన్ని పెద్దది చేసి చూస్తారు. ఎవరీ ముసలావిడ అంటారు. మా ఊరని తెలుసు కాబట్టి నన్నే అడుగుతారు. నాలుగు ఫోటోలు పోతే ఏమవుతుంది, తక్కువ చాలని సారే అన్నారు కదా అనుకున్నాను.

సార్ మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ దాచాను.

అన్న వంక ఉందని ఆయనకు చెప్పాడు. నేరుగా కంచె వేస్తే తనకే సులువు. అయినా చెప్పాడు.

మార్చి 4

శశికి ఫోటోలు ఉన్నాయని మాత్రం చెప్పాను, దొరికాయన్నాను. అమ్మ అని చెప్పకుండా, మనిషి ఉన్న మేరకు కత్తిరించి ఇవ్వొచ్చా అని అడిగాను.

"కత్తిరిస్తే ఒప్పుకోరు. ఒకసారి అలా మార్చారని గొడవ అయింది కదా," అంది. "ఎనిమిదో తేదీ గ్రామసభ ఉంది. అభ్యంతరం అక్కడే చెప్పాలి. ఒరిజినల్ ఫోటోలు కావాలి."

మార్చి 5

తూర్పున కూసాల కోసం గుంతలు తవ్వడం నిన్న మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి హొన్నూరమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, వాకిట్లోనే నిలబడింది.

"మిషన్ ఎగరేసింది నువ్వే అంట కదమ్మా. మా దారి దాంట్లో లేదంటాండారు. నిన్న గుంతలు తవ్వేవాళ్లను అడిగితే, ఆడ వంకే లేదు పోమ్మా అంటారు. వంకలో నిలబడే అంటాండారు."

"చూస్తానత్తా."

"చూడమ్మా. నీకు తెలీని దారా. చూలు జీవాలు పదకొండు ఉండాయి. ఐదు కిలోమీటర్లు యాడ నడుస్తాయి ఈ ఎండకు."

అమ్మ లోపల కొర్రలు చెరుగుతోంది. చాట చప్పుడు ఆగిపోయింది. హొన్నూరమ్మ ఒక్కసారి కూడా అమ్మ వైపు చూడలేదు. అమ్మ కోసం ఆమె కూడా అబద్ధం ఆడుతోంది.

మార్చి 7

ఈరోజు అమ్మకు చెప్పాలి.

చెప్పలేదు.

మార్చి 8

పంచాయతీ ఆఫీసు ముందర షామియానా వేశారు. తాలూకా ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. కంపెనీ తరఫున శశి తెర కట్టి మోడల్ చూపించింది. ఊరంతా తమ ఇళ్లను గుర్తుపట్టి నవ్వుకున్నారు. తూర్పు రాగానే నవ్వులు ఆగాయి.

హొన్నూరమ్మ లేచింది. "అది మా ఊరు కాదు సామీ. మా ఊర్లో ఆడ వంక ఉండాది."

"మోడల్‌లో లేదు కదమ్మా," అన్నాడు అధికారి. "నకాశెలోనూ లేదు. ఆధారం ఏముంది?"

నేను లేచాను. మగవాళ్ల వరసలో అన్న, ఆడవాళ్ల చివరి వరసలో అమ్మ. ఇద్దరినీ చూడకూడదనుకుంటూనే చూశాను.

"ఫోటోలు ఉండాయి సార్. ఫిబ్రవరి పదో తేదీ నేనే తీసినా. కంప్యూటర్‌కు ఇయ్యకుండా నేనే తీసేసినా. అందుకే అది వేరే ఊర్లను చూసి ఆడ చదును నేల పెట్టింది. దాని తప్పు లేదు. మోడల్ చేసిన యోగానంద సార్ తప్పూ లేదు. ఆయన మీద మెయిల్ రాసింది నేనే."

శశి తల ఎత్తి నన్ను చూసింది.  నా చేతిలోని పెన్‌డ్రైవ్ తీసుకుని ఫోటో తెర మీద వేసింది.

వంక, మంద, తువ్వాలు, కట్టె.

"ఎందుకు తీసేసినావు?" అన్నాడు అధికారి.

"దాంట్లో మా అమ్మ ఉండాది సార్."

"ఉంటే ఏమి?"

 మైకు పట్టుకుని నిలబడ్డాను. వెనక వరసల్లో ఎవరో "రామలక్ష్మమ్మే" అన్నారు. ఇంకెవరో సన్నగా నవ్వారు. అన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

హొన్నూరమ్మ అంది, "మూడేండ్లుగా నా మందను ఆయమ్మే కాస్తాండాది సామీ. కూలి ఇస్తానంటే తీసుకోదు. ఒక్క జీవం కూడా తప్పిపోలేదు."

అమ్మ లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. నా వైపు చూడకుండా అధికారితోనే మాట్లాడింది.

"నేనే సామీ అది. రోజూ పోతాను. ఇప్పుడు రాండి, వంక యాడుండాదో చూపిస్తా. ఫోటోలు ఎందుకు?"

అధికారి వాచీ చూసుకున్నాడు. అయినా లేచాడు. అమ్మ ముందు నడిచింది. సగం ఊరు వెనక నడిచింది. వంకలోకి అమ్మ దిగిపోయాక గట్టు మీద ఉన్నవాళ్లకు ఆమె కనబడలేదు. మాట మాత్రం వినబడింది. "ఇంత లోతు సామీ. రాసుకోండి."

రాసుకున్నాడు. మళ్లీ ఎగరేసి కొత్త మోడల్ వచ్చేవరకు తూర్పు పక్క కూసాలు నాటకూడదని, దారికి సందు వదలాలని అక్కడే శశితో సంతకం పెట్టించాడు.

మార్చి 9

అన్న మాట్లాడటం లేదు. నాతోనూ, అమ్మతోనూ. నేను అతని ఫోన్ చూసిన సంగతి కూడా చెప్పేశాను. "నన్నే అడిగింటే చెప్తాంటి కదా," అని ఒక్క మాట అన్నాడు. అంతే.

మార్చి 10

హెడ్డాఫీసు నన్ను డ్రోన్ పని నుంచి తప్పించింది. ఉద్యోగం ఉంటుందో లేదో నెలాఖరుకు చెబుతారట.

యోగానంద సార్‌కు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తారు. అంతా చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక, "ఫోటో లేనిచోట అది ఊహించింది. నువ్వూ అదే పని చేసినావు," అన్నారు. కోపంగా అనలేదు. మేస్త్రీ సంగతి చెప్పినట్టే చెప్పారు.

"మళ్లా పావగడకు వస్తారా సార్?"

"రాను. ఇంగ ఫోన్ చేయొద్దు ధనశ్రీ."

పెట్టేశారు. క్షమించానంటారని ఎదురుచూశానా? చూశాను.

మార్చి 12

బుధవారం. పదింటికి అమ్మ తువ్వాలు తలకు చుట్టుకుని, కట్టె తీసుకుని వాకిట్లోంచే బయలుదేరింది. సంఘం పేరు చెప్పలేదు. అన్న అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఆమె వీధి మలుపు తిరిగాక, "నీళ్ల సీసా మరిచిపోయింది, ఇచ్చి రా పో," అన్నాడు నాతో. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

వంక దగ్గర కలిశాను. మంద వంకలో మేస్తూ ముందుకు పోతోంది. అమ్మ నీళ్లు తాగి, మూత బిగించి, సీసా నాకే ఇచ్చింది. ఆ రోజు సభ తర్వాత మేమిద్దరమే ఉండడం ఇదే మొదటిసారి.

నేను మొదలుపెట్టబోయాను. అమ్మ వినలేదు.

"అంత పైనుంచి తీస్తే నా మొగం యాడ కనపడుతుందే? ఆ పొద్దు చూస్తి కదా తెరలో, చీమంత ఉండాను. నేనే అని ఎట్ల పట్టినావు?"

"జీవాలు కదలకుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడతావు కదమ్మా."

అమ్మ నడుం మీది చెయ్యి తీసేసింది. ఏం చేయాలో తెలియనట్టు ఆ చేతిని చూసుకుంది. ఒక గొర్రె గట్టు ఎక్కబోతే కట్టెతో అదిలించింది. కాసేపటికి చెయ్యి మళ్లీ నడుం మీదికే పోయింది. నేను చూస్తున్నానని తెలుసు. తీయలేదు.